ఎడమ పేజీ, పచ్చ పెన్ను, పక్క పిల్లాడు: చాన్నాళ్లు వాడాక నా సమీక్ష

గాజువాకలో ఇంటి దగ్గరే ఐదు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి తెలుగు ట్యూషన్ చెబుతాను. వాళ్ల రాత వాళ్లే దిద్దుకోవడానికి నేను వాడేది ఒక రూళ్ల లాంగ్ నోట్సు, ఒక పచ్చ పెన్ను, పక్కన కూర్చున్న ఇంకో పిల్లాడు, అంతే. కుడి పేజీలో రాస్తారు, ఎడమ పేజీ మార్పులకి ఖాళీగా వదిలేస్తారు. కొన్నేళ్లుగా ఇదే పద్ధతి, ఇక మార్చను.

అసలు పని చేసేది ఆ పక్క పిల్లాడే. రాసినవాళ్లే చదివితే కాగితం మీద ఉన్నది కాకుండా మనసులో ఉన్నది చదివేస్తారు, పోయిన దీర్ఘం, ఎగిరిపోయిన ఒత్తు అన్నీ నోట్లో సరిగ్గానే పలికేస్తాయి. వేరేవాళ్లు పైకి చదివితే మాత్రం ఎక్కడ తడబడ్డారో అక్కడ ఏదో ఉందని రాసినవాళ్లకే తెలిసిపోతుంది, నేను నోరు విప్పక్కర్లేదు.

ఏడో తరగతి అమ్మాయి ఒకతి వైజాగ్ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చి "సబ్‌మెరైన్ చాలా పెద్దగా ఉంది, చాలా బాగుంది" అని రాసింది. చదువుతున్న అబ్బాయి ఆగి "ఎంత పెద్దది?" అన్నాడు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి ఎడమ పేజీలో "పొడవు 91 మీటర్లు, కానీ లోపల ఇద్దరం పక్కపక్కన నడవలేం, గుండ్రటి తలుపులోంచి వంగి దూరాలి" అని రాసి, రెండు "చాలా"లూ కొట్టేసింది. నేను చెప్పి రాయిస్తే వచ్చే వాక్యం కాదది, నాకు ఎంత సంతోషం వేసిందో.

లోటు లేకపోలేదు. న-ణ, శ-ష తప్పులు చెవికి దొరకవు. వాటి కోసం మర్నాడు చివరి వాక్యం నుంచి మొదటికి వెనక్కి చదివిస్తాను, అలాగైతే కథలో పడి కొట్టుకుపోరు, ఒక్కో మాట విడిగా కనిపిస్తుంది. ఐదో తరగతి వాళ్లకి ఒక విడతలో ఒక్క రకం తప్పే వెతకమనాలి, అన్నీ ఒకేసారి అంటే టెన్షన్ పడి ఏదీ చూడరు.

తల్లిదండ్రులు మాత్రం "ఇన్ని కొట్టివేతలేంటి మేడమ్, ఎర్ర పెన్నుతో మీరు దిద్దరా?" అంటారు. జూన్‌లో రాసిన పేజీ, డిసెంబర్‌లో రాసిన పేజీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను, రెండోసారి ఎవరూ అడగలేదు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, పచ్చ జెల్ పెన్ను వద్దు. ఎడమ పేజీ అంటే ముందు రాసిన కుడి పేజీ వెనకభాగమే కదా, ఇంకు అటువైపు దిగిపోతుంది. బాల్ పెన్నే మేలు.