‘బతానా’తో తెలిసిన ‘టెల్’: ఒక ఇంగ్లీషు–ఉర్దూ మాటల పుస్తకంతో ఆరేళ్లు

‘హి సెడ్ మీ’ అని పిల్లలు రాసిన వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టివేయవలసిన అవసరం నా ట్యూషన్‌లో ఇప్పుడు దాదాపు లేదు. ఈ మేలు చేసింది మాట్లాడటానికి సంబంధించిన ఇంగ్లీషు పదాలకు ఉర్దూ అర్థాలిచ్చే ఒక పలుచని పుస్తకం. నెల్లూరు కోటమిట్టలోని మా ఇంటికి సాయంకాలం చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లల కోసం దానిని ఆరేళ్లుగా వాడుతున్నాను.

నేను తెలుగు మాధ్యమంలో చదివాను కనుక ‘సే’కూ ‘టెల్’కూ ఉన్న తేడాను మొదట తెలుగులోనే వివరించబోయి ప్రతిసారీ చిక్కుబడ్డాను. మనకు రెండింటికీ ‘చెప్పు’ ఒక్కటే క్రియ. అతనికి చెప్పాను అన్నా, అతనితో చెప్పాను అన్నా పట్టింపు లేదు. ఈ పుస్తకంలో ‘సే’ ఎదుట ‘కెహ్నా’, ‘టెల్’ ఎదుట ‘బతానా’ ఉన్నాయి. ఉర్దూలో ‘ఉస్ సే కహా’ అంటారు, ‘ఉస్ కో బతాయా’ అంటారు. మొదటిదానికి మన ‘తో’ వంటి ఉర్దూ ‘సే’ విభక్తి ఎలా తప్పదో, ఇంగ్లీషు ‘సే’ తరువాత మనిషి వచ్చినప్పుడు ‘టు’ అలాగే తప్పదని, ‘టెల్’కు అది అక్కరలేదని చూపగానే, ఉర్దూ బడిలో చదివే పిల్లలు ఒక్క సాయంత్రంలో పట్టుకున్నారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఆ సూత్రం అంతటా నిలవదని తరువాత తెలిసింది. ‘అబద్ధం చెప్పడం’ ఉర్దూలో ‘ఝూట్ బోల్నా’, కథ చెప్పడమైతే ‘సునానా’. ఇంగ్లీషులో మాత్రం రెండుచోట్లా ‘టెల్’ రావాలి. పైగా మా ఇళ్లలో మాట్లాడే దక్నీ ఉర్దూలో అన్నింటికీ ‘బోల్నా’యే వస్తుంది. ‘వస్తానని చెప్పాడు’ అనడానికి ‘ఆతూఁ బోల్‌కే బోల్యా’ అంటాము. ఆ ‘బోల్‌కే’ మన తెలుగు ‘అని’ చేసే పనే చేస్తుంది. అందువల్ల ఇంటి ఉర్దూ మాత్రమే వచ్చి బడి ఉర్దూ రాని పిల్లకు నేను పైన మెచ్చుకున్న సౌకర్యం సగమే అందుతుంది.

ఇక నా మనసును నొప్పించిన సంగతి. పుస్తకంలో ‘డిస్కస్’ ఎదుట ‘బహస్ కర్నా’ అని ఉంది. రెండు పుటల తరువాత ‘ఆర్గ్యూ’ ఎదుట కూడా అదే ఉంది. అది తప్పు కాదు. వెతకడం, పరిశోధించడం అనే అర్థమున్న అరబీ పదం నుండి వచ్చిన ‘బహస్’ ఉర్దూలో చర్చకూ చెల్లుతుంది, వాదులాటకూ చెల్లుతుంది. కానీ ఇంగ్లీషులో ఆ రెండింటి మధ్య ఎంత దూరమున్నదో చెప్పే ఒక్క ఉదాహరణ వాక్యమైనా పుస్తకంలో లేదు, నేనూ చెప్పలేదు. నిరుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న ఒక అమ్మాయి ఒక ప్రైవేటు కార్యాలయంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లింది. ఈ చదువును ఎలా ఎంచుకున్నావని అడిగితే, నాన్నతోనూ లెక్చరర్‌తోనూ చర్చించి నిర్ణయించుకున్నానని చెప్పదలచి, ‘ఐ ఆర్గ్యూడ్ విత్ మై ఫాదర్ అండ్ మై లెక్చరర్’ అన్నది. ఇక్కడ కూడా అలాగే ఆర్గ్యూ చేస్తావా అని వారు అడిగారు. పనిని నలుగురితో చర్చించి చేస్తావా అని అడుగుతున్నారనుకొని, ‘యెస్ సర్, ఎవ్రీ డే’ అని ఎంతో వినయంగా జవాబిచ్చింది. ఆ ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క మాట వల్లనే రాలేదని నేను అనలేను. మరునాడు మా ఇంటికి వచ్చి పుస్తకం తెరచి, ఆ రెండు వరుసల మీదా వేలు పెట్టి, ‘ఆపా (అక్కా), ఇందులో రెండింటికీ ఒకటే మాట ఉంది గదా’ అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఉచ్చారణ విషయంలోనూ ఒక చిక్కు ఉంది. ఉర్దూ లిపిలో ‘స్పీక్’కు ముందు అలిఫ్ అనే మొదటి అక్షరం చేర్చి రాస్తారు గనుక పిల్లలు దానిని ‘ఇస్పీక్’ అనే చదివేవారు. పుట అంచున తెలుగు లిపిలో ‘స్పీక్’, ‘స్టామర్’ అని పెన్సిలుతో రాసి ఇచ్చిన తరువాత ఆ ‘ఇ’ పోయింది. ఈ పని తెలుగు లిపి వచ్చిన పిల్లల దగ్గరే సాగుతుంది. మా ఊళ్లో అందరికీ వచ్చు కాబట్టి నాకు ఇబ్బంది కలగలేదు.

ఉర్దూ, తెలుగు రెండూ చదవగలిగి, పక్కన కూర్చుని చెప్పేవారు కూడా ఉన్నవారికి ఈ పుస్తకం కొనమని నేను చెప్పగలను. ఉర్దూ అక్షరాలు నేర్వని మా అబ్బాయికి మాత్రం ఇది ఏమీ ఉపయోగపడలేదు. ఒంటరిగా చదువుకునేవారి సంగతి, ఆ అమ్మాయి ముఖం గుర్తుకు వచ్చినప్పుడల్లా, నాకు సందేహంగానే ఉంటుంది. ఈ ఏడాది కొత్తగా చేరిన నలుగురికి ప్రతులు ఇచ్చే ముందు, ‘డిస్కస్’ ఎదుట ‘మష్వరా, చర్చ’ అని, ‘ఆర్గ్యూ’ ఎదుట ‘తకరారు’ అని నా చేతితో రాసి ఇచ్చాను.