కుడిచేతి బటన్ పోయిన రోజు: ఒక గిటార్ కోర్సుతో 22 నెలలు

ఈ ఆన్‌లైన్ గిటార్ కోర్సులో ఎన్ని వీడియోలున్నాయి, ఎన్ని గంటలు, సర్టిఫికెట్ ఇస్తారా లాంటివన్నీ వాళ్ల పేజీలోనే దొరుకుతాయి. నేను చెప్పాల్సింది ఒక్క బటన్ గురించి. ప్లేయర్ కింద కుడివైపు మూలన చిన్న చెయ్యి బొమ్మ ఉండేది. అది నొక్కితే టీచర్ మొహం, ఎడమచెయ్యి అన్నీ పోయి తెర నిండా ఆయన కుడిచెయ్యే వచ్చేది. 6,500 రూపాయలు కట్టింది ఆ బటన్‌ని చూసే.

ఫంక్ అనే అమెరికన్ నృత్యసంగీతం మీద మోజు పడ్డవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్‌లో గిటారిస్టు జిమ్మీ నోలెన్ వాయించిన పద్ధతికి ‘చికెన్ స్క్రాచ్’ అనే పేరే ఉంది. కోడి పెంటకుప్ప మీద గీరుతున్నట్టు చక చక చక, మధ్యలో ఎక్కడో ఒక్కసారి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) తళుక్కుమని మోగి మాయమవుతుంది. ఒక్కో బీట్‌ని నాలుగు ముక్కలు చేసి, నాలుగింటికీ చెయ్యి కిందికీ పైకీ ఆడుతూనే ఉండాలి. మోగేది ఒకటో రెండో, మిగతావన్నీ ఉత్త గీకుడే. చిన్నప్పుడు రెండేళ్లు మృదంగం నేర్చుకున్నాను కాబట్టి నా లెక్కంతా తకధిమి. ‘త’ దగ్గర కార్డ్, ‘కధిమి’ గీకుడు. ‘ద వన్’ అంటూ జేమ్స్ బ్రౌన్ పట్టుబట్టిన మొదటి దెబ్బ కూడా సమం తెలిసినవాడికి కొత్తగా అనిపించదు.

ఆ బటన్ నొక్కి, స్పీడు సగానికి తగ్గించి, తడిచేతిని విదిలించినట్టు ఆడే ఆ మణికట్టుని రోజూ రాత్రి నలభై నిమిషాలు చూసేవాణ్ణి. పాప పడుకున్నాక ఆంప్‌లో (గిటార్ మోత పెంచే పెట్టె) గుచ్చకుండా ఉత్త ఎలక్ట్రిక్ గిటార్ మీదే ప్రాక్టీసు. పక్కగదిలోంచి మా ఆవిడ, "కొబ్బరి కోరుతున్నట్టుంది" అనేది. తొమ్మిది నెలల్లో మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల నుంచి 96కి వచ్చింది. అప్పుడే యాప్‌లో అయిదు నక్షత్రాలు ఇచ్చి, "అంతా కుడిచేతిలోనే ఉంది, ఈ కోర్సు దాన్ని పట్టుకుంది" అని రాశాను. నక్షత్రాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ వాక్యం మాత్రం తీసేశాను.

ఎందుకంటే పదో నెలలో మా ఆఫీసులో బేస్ గిటార్ వాయించే కుర్రాడు ఒక ఆదివారం కూకట్‌పల్లిలో మా ఇంటికొచ్చాడు. ఫోన్‌లో డ్రమ్ లూప్ పెట్టుకుని ఇద్దరం మొదలుపెట్టాం. అయిదు నిమిషాలు విని ఆపేశాడు. "కార్డ్‌లన్నీ కరెక్టే అన్నా, కానీ అవి ఆగట్లేదు. మీరు మోగించిందానికంటే ఆపనిదే ఎక్కువ వినబడుతోంది." అప్పటిదాకా నేను కుడి అరచేతిని బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) మీద ఆనించి మ్యూట్ చేస్తున్నాను. దాంతో వచ్చేది చక చక కాదు, థడ్ థడ్. ఆంప్ లేకుండా వాయించడంతో నాకు ఆ తేడా తెలియనే లేదు.

ఇంకో రెండు వారాలకు యాప్ అప్‌డేట్ అయింది. చెయ్యి బొమ్మ మాయం. ఏదో సెట్టింగ్స్‌లో దాక్కుని ఉంటుందని అరగంట వెతికాను, యాప్ తీసేసి మళ్లీ వేశాను, లాప్‌టాప్‌లో చూశాను. ఎక్కడా లేదు. మెయిల్ పెడితే నాలుగో రోజు జవాబొచ్చింది: ప్లేయర్‌ని "సరళం" చేశారట. లైఫ్‌టైమ్ అని డబ్బు తీసుకుని, దేనికోసం కొన్నామో దాన్నే పీకేస్తే దాన్నేమంటారో నాకు తెలియదు. రిఫండ్ గడువు ఎప్పుడో అయిపోయింది. ఆ వారం గిటార్ ముట్టుకోలేదు.

తర్వాత వేరే దారి లేక మామూలు వీడియోనే, స్పీడు సగానికి తగ్గించి మళ్లీ చూశాను. ఇ–నైన్త్ కార్డ్ పాఠం. అయిదో తీగ మీద ఏడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు గీత), నాలుగో తీగ మీద ఆరో ఫ్రెట్, సన్నటి మూడు తీగలకూ ఉంగరం వేలు అడ్డంగా ఏడో ఫ్రెట్‌లోనే. నాకు నిద్రలో లేపినా వచ్చే కార్డ్. కానీ మొదటిసారి ఆయన ఎడమచెయ్యి చూస్తున్నాను. ‘త’ మోగగానే వేళ్లు బిగి సడలించి పైకి లేస్తున్నాయి. ఎంత? ఒక వెంట్రుక మందం. లోహాన్ని వదులుతున్నాయి, తీగని వదలట్లేదు. మ్యూట్ చేస్తున్నది కుడిచెయ్యి కానే కాదు. తొమ్మిది నెలలు నేను చూడకుండా కత్తిరించి పారేసిన సగం తెరలో అసలు సంగతి ఉంది!

అయితే ఇక్కడితో అయిపోలేదు. నేనూ అలాగే సడలించి గీకితే చక చకల మధ్యలో గుడిగంటలా ‘టింగ్’ మని సన్నటి మోత. నాలుగు రోజులు నా వేలిదే తప్పనుకున్నాను. విసుగొచ్చి అదే కార్డ్‌ని ఒక ఫ్రెట్ పైకి జరిపి వాయిస్తే టింగ్ పోయింది. కిందికి జరిపితే పోయింది. ఏడులో పెడితే మళ్లీ వచ్చింది. ఏడో ఫ్రెట్ ఉన్నది తీగ పొడవులో సరిగ్గా మూడో వంతు దగ్గర. అక్కడ ఊరికే తాకి మీటితే ఆపినట్టు అవదు, హార్మోనిక్, అంటే ఆ టింగ్, మోగుతుంది. సగం దగ్గరున్న పన్నెండు, పావు దగ్గరున్న అయిదు కూడా అంతే. మందు చిన్నదే: ఉంగరం వేలు సడలించేటప్పుడు చూపుడువేలిని కూడా ఆరో ఫ్రెట్ దగ్గర సన్న తీగల మీదికి వాల్చాలి. రెండు చోట్ల తాకితే తీగ నోరు మూసుకుంటుంది. నా కోపమల్లా, మొదటి పాఠంలోనే ఏడో ఫ్రెట్ కార్డ్ ఇచ్చిన కోర్సు ఈ ముక్క ఎక్కడా చెప్పకపోవడం. ఆయన చూపుడువేలు వాలుతూనే ఉంది, ఆయన నోరే పలకలేదు.

అది కుదిరిన రాత్రి మా ఆవిడ గదిలోంచి తొంగిచూసి, "ఇవాళ కొబ్బరి లేదా?" అంది. ఇంతకు మించిన సర్టిఫికెట్ నాకు రాలేదు.

బ్లూస్ భాగం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పన్నెండు బార్ల, అంటే ఆవర్తాల, లెక్క (నాలుగు ఎ–సెవెన్త్, రెండు డి–సెవెన్త్, మళ్లీ రెండు ఎ, తర్వాత ఇ, డి, ఎ, ఇ ఒక్కొక్కటి) ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది. షఫుల్ అనే బ్లూస్ లయని ఆయన అంకెలతో లెక్కపెట్టించాడు, నాకు ఎక్కలేదు. తకిట అనుకుని ‘కి’ మింగేస్తే చిటికెలో వచ్చేసింది. పనికొచ్చిన విషయం ఒకటుంది. ఫంక్‌లో పట్టిన ఆ నైన్త్ ఆకారాన్నే అయిదో ఫ్రెట్‌కి తెస్తే డి–నైన్త్, ఏడులో ఇ–నైన్త్. అంటే ఎ బ్లూస్‌లో సగం పని ఒకే పట్టుతో తీరిపోతుంది. బ్లూస్ గిటారిస్టు టీ–బోన్ వాకర్ 1940ల్లోనే బ్లూస్‌లో ఈ నైన్త్‌లు వాయించాడని పాఠం చివర అర నిమిషంలో చెప్పి వదిలేశారు. ఆ అర నిమిషాన్ని అరగంట చెయ్యాల్సింది.

పోయిన నెల అప్‌డేట్‌లో చెయ్యి బొమ్మ తిరిగొచ్చింది, ఈసారి మెనూ లోపల. రెండుసార్లు నొక్కాను. చూడటానికి ఇప్పటికీ ముచ్చటగానే ఉంది.

కొనాలా అంటే, నాకు తాళం ముందే కొంత తెలుసు, పగలు గురువు దగ్గరికెళ్లే తీరిక లేదు, చేతిలో సన్న తీగల ఎలక్ట్రిక్ ఉంది. ఈ మూడూ ఉంటే డిస్కౌంట్‌లో కొనొచ్చేమో. దగ్గర్లో వారానికి ఒక్కసారి చెయ్యి చూసి చెప్పేవాళ్లుంటే ఆ డబ్బు వాళ్లకే ఇవ్వండి, నాకు పది నెలలు పట్టినదాన్ని వాళ్లు మొదటి రోజే పట్టేస్తారు. అకౌస్టిక్ (ఆంప్ అక్కర్లేని చెక్క గిటార్) మీద ఈ వెంట్రుకవాసి సడలింపు ఎలా ఉంటుందో మా బావమరిది గిటార్ మీద ఒక పూట చూశాను. కార్డ్ నొక్కడానికే వేళ్లు పీకాయి, సడలించడం దాకా వెళ్లలేదు.