మూడేళ్లుగా మా ఇల్లులాంటి బండి: ఈగలపెంట దాకా తిప్పాక

కంపెనీ తయారీ క్యాంపర్ (లోపలే వండుకుని పడుకునే బండి) కాదు మాది. పాత డీజిల్ వ్యాను కొని, హైదరాబాద్‌లోనే ఒక షెడ్డులో సీట్లన్నీ పీకించి రెండు మంచాలు, పొయ్యిగట్టు, సింకు, మూలన చిన్న టాయిలెట్ పెట్టించాం. ఈ మార్పులు ఆర్సీలో ఎక్కించుకోవాలి, మర్చిపోకండి. మాకు ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగడానికే నెల పట్టింది.

మొదటి దెబ్బ ఊళ్లోనే తగిలింది. బండి మా అపార్ట్‌మెంట్ సెల్లారులోకి పట్టదు. మూడేళ్లుగా వీధిలోనే పెడుతున్నాం, ఎదురింటాయన మూడేళ్లుగా మాతో మాట్లాడడం లేదు.

రెండోది ఏసీ. "రాత్రంతా నడుస్తది మేడం" అన్నాడు షెడ్డతను. 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో ఉండేదే రెండున్నర యూనిట్ల లోపు కరెంటు. టన్ను ఏసీ గంటకు ఒక యూనిట్ లాగితే ఎంతసేపు వస్తుందో మీరే లెక్కేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో బండి తీయడం మానేశాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పైకప్పు ఫ్యాను చాలు, దుప్పటి కూడా కావాలి.

ఇన్ని తిట్టుకుంటూ కూడా ఎందుకు ఉంచుకున్నామంటే, నాన్న కోసం. నేను పెరిగింది ఈగలపెంటలో. శ్రీశైలం ఎడమ గట్టు పవర్‌హౌస్ కట్టే రోజుల్లో నాన్నకు అక్కడ ఉద్యోగం. కొండ కడుపులో కరెంటు తీసే ఆరు యంత్రాలు, ఒక్కోటి 150 మెగావాట్లు. సొరంగంలో బ్లాస్టింగ్ చేస్తే వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమనేవి. అమ్మ వాటి కింద గుడ్డ పరిచేది.

ఇప్పుడు నాన్నకు డెబ్భై నాలుగు. లాడ్జిలో మెట్లు ఎక్కలేడు, రాత్రి మూడుసార్లు లేస్తాడు. బండిలో టాయిలెట్ మూడు అడుగుల దూరంలో ఉంటుంది. ఖాళీ చేయడానికి మాత్రం దారిలో ఎక్కడా చోటు లేదు, డబ్బా మూత బిగించి ఇంటిదాకా మోసుకురావాలి. ఆ పని మా ఆయనది.

పోయిన డిసెంబరులో కల్వకుర్తిలో టీకి ఆగి, డిండి దగ్గర నీళ్లు చూస్తూ కూర్చుని ఆలస్యం చేశాం. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిది దాటింది. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు పోనివ్వరు. కారైతే వెనక్కి తిప్పి లాడ్జి వెతుక్కోవాలి. మేం లారీల పక్కన పెట్టి, ఉప్మా చేసుకుని పడుకున్నాం. తెల్లారి ఆరింటికి గేటు తీసేసరికి నాన్న మొహం కడుక్కుని, స్వెటర్ వేసుకుని ముందు సీట్లో ఉన్నాడు. ఆ ఒక్క రాత్రికి బండి డబ్బులు సగం తిరిగొచ్చాయనుకున్నా.

లోపల అడవిలో రోడ్డు పక్కన ఆపి వండుతామంటే కుదరదు, నిప్పు అసలే పెట్టకూడదు. కోతులకు కిటికీ జాలీ లెక్క కాదు. వటవర్లపల్లి దగ్గర ఒకటి మా బ్రెడ్డు ప్యాకెట్టుతో పాటు నాన్న బీపీ మాత్రలూ ఎత్తుకుపోయింది. జాలీ బదులు ఇనుప మెష్ వేయించుకోండి.

మా పాత క్వార్టరు ముందు ఆపాం. ఇప్పుడు వేరేవాళ్లున్నారు. "లోపలికి పోదామా నాన్నా?" అంటే "వద్దు బిడ్డా, ఈడనే కూసుంట" అన్నాడు. తలుపు తీసిపెట్టి గంటన్నర బయటికి చూస్తూ కూర్చున్నాడు. రెండు గ్లాసుల టీ పెట్టిచ్చాను. 2020 ఆగస్టులో పవర్‌హౌస్ మంటల్లో తొమ్మిది మంది పోయిన సంగతి వచ్చేసరికి గ్లాసు పక్కన పెట్టి, ఇంక ఏం మాట్లాడలేదు.

మైలేజీ ఘాట్‌లో ఎనిమిది, బయట పది. నీళ్ల ట్యాంకు 80 లీటర్లు, ముగ్గురికి రెండు రోజులు. మెట్టు ఎత్తు ఎక్కువైంది, నాన్న కోసం కింద ఒక చెక్కపీట పెడుతున్నాం. ఈ వారం దానికి రబ్బరు కొట్టించాలి, పోయినసారి జారింది.