టెక్స్ట్ ట్రాక్ ఛేంజ్ ఈవెంట్: మూడేళ్లు వాడాక

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ పాఠాలు చెప్పే ఒక సైటుకి వీడియో ప్లేయర్ పని నేనే చూస్తాను. ప్రతి పాఠానికీ తెలుగు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి. ఒకసారి తెలుగు ఎంచుకున్నవాళ్లకు తర్వాతి పాఠంలోనూ తెలుగే రావాలి. వద్దని ఆపేసినవాళ్లకు మళ్లీ కనిపించకూడదు. ఇందుకోసమే వీడియో ఎలిమెంట్‌కి (పేజీలో వీడియోను చూపే ట్యాగ్) ఉండే టెక్స్ట్‌ట్రాక్స్ జాబితా మీద, అంటే ఒక్కో భాష సబ్‌టైటిల్స్‌కి ఒక్కో ట్రాక్ చొప్పున ఉండే జాబితా మీద, ఛేంజ్ ఈవెంట్ పెట్టాను. అందులో ఏ ట్రాక్ స్థితి మారినా బ్రౌజర్ మన కోడ్‌కి పంపే కబురే ఆ ఈవెంట్. మూడేళ్లు దాటింది.

నాకు ఇది బాగా నచ్చింది. బ్రౌజర్ సొంత మెనూలో మార్చినా, మనం పెట్టిన బటన్‌తో మార్చినా కబురు వస్తుంది. అరసెకనుకోసారి టైమర్‌తో మోడ్ (షోయింగ్, హిడెన్, డిసేబుల్డ్ అనే మూడు స్థితుల్లో ట్రాక్ ఎందులో ఉందో) చూసుకునే పాత కోడంతా తీసేశాను.

అయితే ఆ కబురులో ఉండేది "ఏదో మారింది" అన్న ఒక్క ముక్కే. ఏ ట్రాక్ మారిందో, అంతకుముందు ఏముందో చెప్పదు. ఇంగ్లిష్ నుంచి తెలుగుకి వెళ్తే రెండు ట్రాకుల మోడ్ మారుతుంది, వెంటవెంటనే జరిగిన ఆ మార్పులకు కలిపి ఈవెంట్ ఒక్కటే. అందుకే హ్యాండ్లర్‌లో (ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే మన కోడ్) జాబితా మొత్తం చూసి, షోయింగ్‌లో, అంటే తెర మీద కనిపించే మోడ్‌లో, ఏది ఉందో మనమే తేల్చుకోవాలి. పాత స్థితి కావాలంటే అదీ మనమే గుర్తుపెట్టుకోవాలి.

మొదటి ఏడాది ఒక అమ్మాయి రాసింది: "సార్, సబ్‌టైటిల్స్ ఆపేస్తున్నా తర్వాతి పాఠంలో మళ్లీ వస్తున్నాయి." చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే నా దగ్గర అంతా సరిగ్గానే ఉంది. తీరా చూస్తే, కొత్త పాఠం తెరవగానే డిఫాల్ట్ అని రాసి ఉన్న తెలుగు ట్రాక్‌ను బ్రౌజరే షోయింగ్‌కి మారుస్తోంది. అదీ మార్పే కాబట్టి ఈవెంట్ వస్తోంది. నా హ్యాండ్లర్ దాన్ని ఆ అమ్మాయి ఎంపిక అనుకుని, "ఆఫ్" చెరిపేసి "తెలుగు" అని సేవ్ చేస్తోంది.

నా కోడ్‌తో మోడ్ మార్చే ముందు ఒక ఫ్లాగ్ (ఈ మార్పు నాదే అని చెప్పే గుర్తు) ఆన్ చేసి, మార్చగానే ఆఫ్ చేసి చూశాను. పని చేయలేదు. ఈవెంట్ అప్పటికప్పుడు రాదు, వరసలో పడి కాస్త ఆగి వస్తుంది. అది వచ్చేసరికి ఫ్లాగ్ ఆఫ్ అయిపోయి ఉంటుంది. చివరికి డిఫాల్ట్ తీసేసి, సేవ్ చేసిన ఎంపికను నేనే పెట్టి, ఈవెంట్ వచ్చినప్పుడు ఇప్పుడున్నదీ నేను చివరగా పెట్టిందీ ఒకటే అయితే వదిలేస్తున్నాను. ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.

ఇంకోటి, హిడెన్‌కీ డిసేబుల్డ్‌కీ తేడా. హిడెన్‌లో అక్షరాలు తెర మీద కనిపించవు కానీ క్యూఛేంజ్ ఈవెంట్లు (క్యూ అంటే ఒక్కో సబ్‌టైటిల్ వాక్యం, అది మారినప్పుడల్లా వచ్చే కబుర్లు) వస్తూనే ఉంటాయి. డిసేబుల్డ్‌లో అవీ ఆగిపోతాయి, క్యూల జాబితా కూడా నల్ (ఏమీ లేదు) అవుతుంది. మా పేజీలో వీడియో కింద పాఠం మొత్తం రాసి ఉంటుంది, మాస్టారు చెబుతున్న వాక్యం పసుపు రంగులోకి మారుతుంది. క్రోమ్ మెనూలో సబ్‌టైటిల్స్ ఆపితే ట్రాక్ డిసేబుల్డ్ అయ్యి ఆ పసుపు కూడా అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు దానికోసం మెటాడేటా రకం (తెర మీద చూపడానికి కాక, కోడ్ వాడుకోవడానికే ఉండే) ట్రాక్ విడిగా పెట్టి హిడెన్‌లో ఉంచాను. అది మెనూలో కనిపించదు, ఎవరూ ఆపలేరు.

ఆడియో ట్రాకులకూ ఇలాంటి ఛేంజ్ ఈవెంటే ఉంది. సఫారీలో వాడొచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో మామూలుగా అందుబాటులో ఉండదు కాబట్టి, దాన్ని నమ్ముకుని రెండు భాషల ఆడియో పెట్టే ఆలోచన మానుకున్నాను.

సబ్‌టైటిల్ ఫైలు దొరికిందా లేదా అన్నది ఈ ఈవెంట్ పని కాదు. ఫైలు పేరు తప్పున్నా మోడ్ షోయింగ్ అనే ఉంటుంది, తెర మాత్రం ఖాళీ. దానికి ట్రాక్ ఎలిమెంట్ మీదే ఎర్రర్ ఈవెంట్ వినాలి. ఆ ఎర్రర్ కూడా అన్నీ పట్టుకోదు: వీటీటీ ఫైల్లో (సబ్‌టైటిల్స్, వాటి సమయాలు ఉండే ఫైలు) సమయం రాసేచోట సెకన్ల తర్వాత చుక్కకు బదులు కామా పడితే ఆ ఒక్క వాక్యం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. అందుకే ఇప్పుడు ఫైళ్లు అప్‌లోడ్ చేసే ముందు ఆ సమయాల్లో కామాల కోసం ఒకసారి వెతుకుతున్నాను.