మాండ్రేక్ తొలి స్ట్రిప్‌ల సంపుటి: చదువుతూ ఊహించుకున్న సినిమా

లీ ఫాక్ సృష్టించగా ఫిల్ డేవిస్ బొమ్మలు గీసిన కామిక్ స్ట్రిప్ (వరుస బొమ్మల కథ) ఇంద్రజాలికుడు మాండ్రేక్ 1934 జూన్‌లో అమెరికా పత్రికల్లో మొదలయ్యాడు. ఆ తొలి దినపత్రిక స్ట్రిప్‌ల పునర్ముద్రణ సంపుటిని ఇటీవల కొని చదివాను. కాగితం, ముద్రణ బాగున్నాయి. బైండింగ్ మాత్రం బిగుతుగా ఉండి, పేజీల మధ్యనున్న గళ్లు సరిగా కనబడవు.

చదువుతున్నంతసేపూ నా మనసులో ఒక సినిమా నడిచింది. 1939లో కొలంబియా సంస్థ 12 భాగాల సీరియల్ తీసింది గాని, ఈ కథకు అసలు కావలసింది నిదానం. మాండ్రేక్ చేతిని కదిపితే వస్తువు మారదు, చూసేవాడి కన్ను మోసపోతుంది. కాబట్టి తుపాకీ అరటిపండుగా మారే దృశ్యాన్ని దుండగుడి కళ్లతో ఒకసారి, పక్కనున్నవాడి కళ్లతో మరొకసారి చూపగలిగితే భారీ గ్రాఫిక్స్ అవసరమే ఉండదు. టోపీ, పైవస్త్రం, సన్నని మీసం తప్పనిసరి.

మాండ్రేక్ సహచరుడైన ఆఫ్రికా రాకుమారుడు లోథార్ విషయంలో దర్శకుడు మూలాన్ని వదిలేయాలి. చిరుతచర్మంతో, వచ్చీరాని మాటలతో గీసిన ఆ తొలి రూపం ఈ సంపుటిలో నన్ను పదేపదే ఇబ్బంది పెట్టింది. ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ 1965లో బొమ్మల బాధ్యత తీసుకున్నాక వచ్చిన లోథారే తెరకు తగినవాడు.