పాత కార్బ్యురేటర్ స్కూటర్, దాని ఐడిల్ స్క్రూ: చాన్నాళ్ల వాడకం తర్వాత

మాది కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న 110 సీసీ స్కూటర్. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగమే ఐడిల్, దాన్ని సెట్ చేసేది ఐడిల్ స్క్రూ. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త స్కూటర్లలో ఐడిల్ సంగతి ఫ్యూయల్ ఇంజెక్షన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ ఈసీయూనే చూసుకుంటోంది, మనం తిప్పడానికి ఏమీ లేదు. తిరుపతిలో సెకండ్ హ్యాండ్‌లో పాత బండి తీసుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ ఒక్క విషయమే రాస్తున్నాను. మైలేజీ, సీటు, సస్పెన్షన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఐడిల్ సరిగ్గా ఉన్నన్నాళ్లూ దాని ఊసే ఉండదు. తేడా వస్తే మాత్రం లీలామహల్ సర్కిల్‌లో ఇట్టే బయటపడుతుంది. తక్కువైతే సిగ్నల్ దగ్గర బండి రెండు దగ్గులు దగ్గి ఆఫ్ అయిపోతుంది, వెనక ఆటోవాళ్ల హారన్లు మొదలవుతాయి. ఎక్కువైతే ఇంకో తలనొప్పి. ఇంజన్ వేగం కాస్త పెరిగితే చాలు, ఇంజన్ వేగాన్ని బట్టి తనంతట తానే చక్రానికి కలిసే సెంట్రిఫ్యుగల్ క్లచ్ పట్టేసుకుంటుంది. యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా బండి ముందుకు నెడుతూనే ఉంటుంది, బ్రేక్ పట్టుకునే నిలబడాలి. పెట్రోలూ దండగ, క్లచ్ షూలూ అరుగుతాయి.

అసలు పరీక్ష కొండ దిగేటప్పుడు. తిరుమల నుంచి కిందికి వచ్చేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో. మెలికలకు కొదవలేదు. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి నెమ్మదిగా వస్తుంటే, వేగం ఒక స్థాయికి తగ్గగానే క్లచ్ వదిలేస్తుంది. ఇక బండిని ఆపేది బ్రేకులే. ఐడిల్ తక్కువగా ఉంటే ఆ సమయంలో ఇంజన్ ఆగిపోయినా గాలి హోరులో తెలియదు. మలుపు దాటాక యాక్సిలరేటర్ తిప్పితే పలకదు, అప్పుడుంటుంది టెన్షన్. ఇంకో మాట: కొండ మీద మాత్రం ఐడిల్ సెట్ చేయొద్దు. ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎత్తు కదా, గాలి కొంచెం పలచన, మిశ్రమంలో పెట్రోల్ పాళ్లు పెరుగుతాయి. అక్కడ కుదిరింది కింద కుదరకపోవచ్చు.

సెట్ చేయడం పెద్ద పనేం కాదు. చల్లటి ఇంజన్ మీద చేస్తేనే చిక్కు. ఆటో చోక్ ఉన్న బండి స్టార్ట్ చేసిన కాసేపు తనంతట తానే ఎక్కువ వేగంలో తిరుగుతుంది, అప్పుడు తగ్గించేస్తే వేడెక్కాక ఆగిపోతుంది. అలిపిరి దాకా ఒక రౌండ్ వేసొచ్చి, సెంటర్ స్టాండ్ వేసి, డిక్కీలో ఉన్న చిన్న మూత తీస్తే మా బండిలో కార్బ్యురేటర్ కనిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కావాలి. ఐడిల్ స్క్రూను కుడివైపు తిప్పితే వేగం పెరుగుతుంది, ఎడమవైపు తిప్పితే తగ్గుతుంది. పావు చుట్టు తిప్పి ఆగి వినాలి. మిశ్రమం స్క్రూ వేరే ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

స్కూటర్లో ఆర్పీఎం మీటర్ ఉండదు కాబట్టి నేను వెనక చక్రాన్ని చూస్తాను. స్టాండ్ మీద అది మెల్లగా తిరగడం మామూలే. బ్రేక్ కొద్దిగా తాకిస్తే ఆగిపోవాలి, ఇంజన్ శబ్దం మారకూడదు. ఆగకుండా తోస్తుంటే ఐడిల్ ఎక్కువైనట్టు, లేదా క్లచ్ స్ప్రింగులు బలహీనపడినట్టు. తర్వాత హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. వేగం మారితే తప్పు స్క్రూది కాదు, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోయింది.

నాకు నచ్చనిది స్క్రూ కాదు, దాన్ని వాడే తీరు. బండి నిలబడట్లేదని తీసుకెళ్తే "ఏం లేదు నా, స్లో కొంచెం పెంచితే చాలు" అని (స్లో అంటే ఐడిలే) నిమిషంలో పంపేసే మెకానిక్కులున్నారు. ఎయిర్ ఫిల్టర్‌లో కరకంబాడి రోడ్డు దుమ్మంతా ఉన్నా, ఐడిల్‌లో పెట్రోల్ అందించే సన్నని రంధ్రం, అదే పైలట్ జెట్, మూసుకుపోయినా, ప్లగ్ నల్లబడినా, ఇన్‌టేక్ రబ్బరు పగిలి గాలి పీలుస్తున్నా మందు అదే. వారం బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదలు. ఐడిల్ నిలకడగా లేకుండా పైకీ కిందికీ ఊగుతుంటే ముందు ఇవి చూడమనండి, స్క్రూ చివరికి.

ఈ స్కూటర్‌నే మళ్లీ కొంటావా అంటే, ఊళ్లో తిరగడానికైతే కొంటాను. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టం లేనివాళ్లు మాత్రం ఫ్యూయల్ ఇంజెక్షన్ బండే తీసుకోవాలి. పాతది చూడటానికి వెళ్తే ముందుగానే వేడెక్కించి ఉంచొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, వేడెక్కాక స్క్రూ ఎంత లోపలికి ఉందో చూడండి. మొత్తం బిగించేసి ఉంటే కార్బ్యురేటర్ సర్వీసు ఖర్చు రేటులోంచి తీసేసి బేరమాడండి.