చిక్కడపల్లి పాటల సాయంత్రాలు: ఏళ్ల తరబడి విన్నాక నా మాట

హైదరాబాద్‌లో పైసా ఖర్చు లేకుండా దొరికే వినోదాల్లో నా మొదటి ఓటు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో జరిగే సినిమా పాటల విభావరులకే. ఉచితం కాబట్టి ఈ మాట అనడం లేదు. రేపు టిక్కెట్టు పెట్టినా కొనుక్కుని వెళ్తాను. మా పెళ్లయిన కొత్తలో మామయ్యగారు తీసుకెళ్తే మొదలైన అలవాటు ఇది. ఇప్పుడు ఆయనకు మోకాళ్ల నొప్పులు, నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నాను. ఈ మధ్యలో ఓటీటీలు వచ్చాయి, రీల్స్ వచ్చాయి, అడిగిన పాట అడిగినట్టు వినిపించే యాప్‌లు వచ్చాయి. మా అలవాటు మాత్రం పోలేదు. ఇన్నేళ్లు విన్నాక ఇందులో ఏది బాగుంటుందో, ఏది విసిగిస్తుందో రాయాలనిపించింది.

నేను సంగీతం నేర్చుకున్న మనిషిని కాను. సినిమా పాటలంటే ప్రాణం, అంతే. కాబట్టి దీన్ని విద్వాంసుల అభిప్రాయంలా కాకుండా ఒక శ్రోత అనుభవంలా చదవండి.

ఎప్పుడూ వెళ్లనివాళ్ల కోసం ముందు సంగతి చెబుతాను. ఇక్కడ పాడేవాళ్లు సినిమా గాయకులు కారు. బ్యాంకులోనో కరెంటాఫీసులోనో చేసి రిటైరైనవాళ్లు, టీచర్లు, డాక్టర్లు, గృహిణులు, అప్పుడప్పుడూ ఇంజనీరింగ్ చదివే పిల్లలు. చాలా బృందాల్లో వాళ్లే తలా కొంత వేసుకుని హాలు అద్దె, సౌండ్ ఖర్చు భరిస్తారు. ఆహ్వానం వాట్సాప్‌లో తిరుగుతుంది. పైన ఘంటసాలగారిదో బాలుగారిదో పెద్ద ఫొటో, కింద ఆ రోజు పాడబోయేవాళ్లందరి ముఖాలూ పాస్‌పోర్టు సైజులో. పేపర్లో ‘నగరంలో నేడు’ చూసినా తెలుస్తుంది. ఫిబ్రవరి 11 ఘంటసాలగారి వర్ధంతి, జూన్ 4 బాలుగారి పుట్టినరోజు, సెప్టెంబర్ 25 ఆయన వర్ధంతి, నవంబర్ 13 సుశీలమ్మ పుట్టినరోజు. ఈ తేదీల చుట్టుపక్కల వారమంతా పండగే. 2022 డిసెంబర్‌లో ఘంటసాలగారి శతజయంతి వచ్చినప్పుడైతే ఏ సభకి వెళ్లాలో, ఏది మానుకోవాలో తేల్చుకోలేక మామయ్యగారు, నేను క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాం.

దాదాపు అన్నిచోట్లా పాడేది కరోకే ట్రాక్ మీదే, అంటే గాయకుడి గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రమే ఉంచిన రికార్డింగ్ మీద. ట్రాక్‌తో చిక్కేమిటంటే అది ఎవరి కోసమూ ఆగదు. చరణానికి ముందు వచ్చే మ్యూజిక్ బిట్ ఎంతసేపో లెక్క తెలియక అరక్షణం ముందే ఎత్తుకుంటే, ఇక ఆ చరణమంతా పరుగే. ఇంకో చిక్కు శ్రుతి. ట్రాక్ మామూలుగా అసలు పాట ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలోనే దొరుకుతుంది. ఘంటసాలగారు అందుకున్న పై స్థాయి అందరికీ అందదు కదా. ఫోన్‌లో శ్రుతి బాగా తగ్గిస్తే గొంతుకి హాయి, కానీ వయొలిన్లు నీరసపడిపోతాయి, తబలా మొద్దుబారుతుంది. ఇవన్నీ తెలిసిన గాయకులు తమ గొంతుకి సరిపడే పాటనే ఎంచుకుంటారు. సగం విజయం ఆ ఎంపికలోనే ఉంది. రవీంద్రభారతిలోనో ఇంకెక్కడో ఆర్కెస్ట్రాతో జరిగే కార్యక్రమం దొరికితే మాత్రం వదలకండి. కీబోర్డు వాయించే అబ్బాయి గాయకుడి ముఖం చూస్తూ వాయిస్తాడు. పాడేవాళ్లు హుషారులో ఒక సంగతి (అదే మాటని ఇంకో మెలికతో పాడటం) ఎక్కువ వేస్తే తబలా ఆయన నవ్వుతూ వాళ్ల వెనకే వెళ్తాడు. అది చూడటమే ఒక ఆనందం.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న విషయం. హాల్లో చప్పట్లు ఎక్కువ పడేది ‘అచ్చం ఘంటసాలగారిలాగే’ పాడినవాళ్లకి. నా చప్పట్లు మాత్రం తన సొంత గొంతుతో పాడినవాళ్లకి. ఇది ఏళ్లు గడిచేకొద్దీ నాలో గట్టిపడిన అభిప్రాయం. గాంభీర్యం కోసం గొంతు కిందికి నొక్కి, ప్రతి మాటనీ సాగదీసి పాడుతుంటే పాట కన్నా ఆ కష్టమే ముందు వినిపిస్తుంది. ఘంటసాలగారు నాగేశ్వరరావుగారికి ఒకలా, రామారావుగారికి ఒకలా పాడారు. బాలుగారు అల్లు రామలింగయ్యగారికి ‘ముత్యాలు వస్తావా’ పాడితే రామలింగయ్యగారే పాడుతున్నారేమో అనిపిస్తుంది. వాళ్లు పట్టుకున్నది తెర మీది మనిషిని, ఆ మనిషి మనసులో ఉన్నదాన్ని. మనవాళ్లు పట్టుకోబోయేది వాళ్ల గొంతుని. అక్కడే పాట జారిపోతుంది.

‘శివశంకరీ’ సంగతే చూడండి. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’ కోసం పింగళి రాస్తే, పెండ్యాల దర్బారీ కానడ రాగంలో కట్టిన పాట. ప్రతి ఘంటసాల సభలోనూ ఎవరో ఒకరు దీన్ని ఎత్తుకోవాల్సిందే. పేరు ప్రకటించగానే హాల్లో ఒక టెన్షన్ మొదలవుతుంది. వెనక వరుసల్లో కబుర్లు ఆగిపోతాయి. ఒకసారి తెల్ల లాల్చీ వేసుకున్న పెద్దాయన వచ్చారు. ఫోన్ చూసి పాడటం కాదు, కాగితం కూడా లేదు. గొంతు సన్నగా ఉంది, ఘంటసాలగారి గొంతుకి ఏ పోలికా లేదు. పల్లవి నెమ్మదిగా, ఒక్కో అక్షరం కడిగి పెట్టినట్టు పాడారు. పాట ముందుకెళ్లి స్వరాలు, జతులు వేగం అందుకునే చోటికి వచ్చేసరికి ఆయనకి ఊపిరి చాలలేదు. ట్రాక్ ఆగదు కదా. ఆయన ఏం చేశారంటే, మైకు కొంచెం దూరం జరిపి, కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తూ నిలబడ్డారు. ముఖంలో ఏ కంగారూ లేదు. నాలుగు ఆవర్తాలు, అంటే నాలుగు తాళం చుట్లు, అలా వదిలేసి, సరిగ్గా అందుకోవాల్సిన చోట అందుకుని మళ్లీ పల్లవిలోకి వచ్చారు. ఒక్క మాత్ర తేడా రాలేదు. మామయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని, “చూశావా అమ్మా, పాడని చోట కూడా పాటలోనే ఉన్నాడాయన” అన్నారు. ఆ పాటని మొత్తం తప్పులేకుండా పాడినవాళ్లని తర్వాత విన్నాను. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ పెద్దాయన పాటే.

ఇంకొకటి చెప్పకపోతే హైదరాబాద్ గురించి రాసినట్టే కాదు. ఈ ఊళ్లో రఫీ అభిమానులకి కొదవ లేదు. ఆయన వర్ధంతి జులై 31 వస్తే రఫీ పాటల సభలు కూడా జరుగుతాయి. 1976లో వచ్చిన తెలుగు ‘ఆరాధన’లో రామారావుగారికి రఫీ పాడారు. ‘నా మది నిన్ను పిలిచింది గానమై’ అప్పటి నుంచి ఇప్పటి దాకా వాడలేదు. ఇక్కడ ఈ పాట పాడే తెలుగువాళ్లలో చాలామంది రఫీ ఉచ్చారణని కూడా అనుకరిస్తారు. అది నాకు నచ్చదు. కానీ ఒక సాయంత్రం పాతబస్తీ నుంచి వచ్చిన ఒకాయన ఇదే పాట పాడారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి, ఆ యాస ఆయన సొంతం. ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు లేదు. రెండో చరణానికి వచ్చేసరికి హఠాత్తుగా హిందీలోకి వెళ్లిపోయారు. ఈ బాణీ అంతకు ముందే హిందీ ‘గీత్’లో రఫీ పాడిన ‘మేరే మిత్‌వా’దే కదా. మళ్లీ పల్లవికి తెలుగులోకి వచ్చేశారు. హాలు ఊగిపోయింది. ఈలలు కూడా పడ్డాయి, గానసభలో ఈలలు అరుదు. కార్యక్రమం అయ్యాక మామయ్యగారు కర్ర ఊతంతో ఆయన దగ్గరికి వెళ్లి, “భాయ్‌సాబ్, మళ్లీ ఎప్పుడు పాడతారు?” అని అడిగారు. “మీరు పిలిస్తే రేపే వస్తా సాబ్” అన్నారాయన. ఇంటికి వచ్చేదాకా మామయ్యగారు ఆ పాటే కూనిరాగం తీశారు.

యుగళగీతాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. భార్యాభర్తలు కలిసి పాడితే బాగుంటాయి, చాలాసార్లు ఎవరి ధ్యాస వాళ్ల ఫోన్‌లో సాహిత్యం మీద ఉంటుంది. బ్రెత్‌లెస్ పాట అయితే వేరే సరదా. ‘ఓ పాపా లాలి’లో బాలుగారి ‘మాటే రాని చిన్నదాని’ ఎవరైనా ఎత్తుకున్నారంటే మామయ్యగారు ముందుకు వంగి కూర్చుంటారు. ఊపిరి ఎక్కడ దొంగతనంగా తీసుకుంటున్నారో పట్టుకోవడం ఆయనకి ఇష్టమైన ఆట. కుర్రాళ్లు పాడితే మాత్రం పట్టుకున్నా పైకి చెప్పరు, చప్పట్లే కొడతారు.

విసిగించేవి కూడా రాయాలి. మొదటిది సన్మానాలు. పాటకీ పాటకీ మధ్య అతిథుల్ని వేదిక మీదికి పిలవడం, శాలువా, దండ, జ్ఞాపిక, తర్వాత గ్రూప్ ఫొటో. “రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను” అన్న ప్రతి వక్తా రెండు ముక్కల దగ్గర ఆగరు. సన్మానం చెయ్యకూడదని నేను అనను. ఈ వయసులో ఇంత శ్రద్ధగా పాడేవాళ్లకి ఒక శాలువా కప్పడం న్యాయమే. కానీ అదంతా పాడేవాళ్ల సమయంలోంచి పోతోంది. ఒక సంస్థ చేసిన కార్యక్రమంలో ఉపన్యాసాలు సాగి సాగి, చివర్లో మిగిలిన నలుగురినీ ఒక్క చరణంతో సరిపెట్టమన్నారు. అందులో ఒకావిడ పట్టుచీర కట్టుకుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చింది. నెల రోజులుగా ఆ పాట సాధన చేసిందని పక్క సీట్లో కూర్చున్న ఆవిడ ఆడపడుచు చెప్పింది. పల్లవి, ఒక చరణం పాడి, నమస్కారం పెట్టి దిగిపోయింది. రెండో చరణంలోనే ఆ పాట ప్రాణం ఉంది. అది వినకుండా ఇంటికి రావాల్సి వచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధే.

రెండోది ఎకో. కొంతమంది సౌండ్ వాళ్లు ఎకో ఎంత పెంచితే గొంతు అంత బాగుంటుందని నమ్ముతారు. మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కృష్ణశాస్త్రిగారు రాసినా, ఆత్రేయగారు రాసినా ఒకటే హోరు. మన పాటలకి మాటే సగం బలం. ఆ మాట వినపడకుండా చేస్తే ఎలా? గాయకులే ధైర్యంగా “అన్నా, ఎకో తగ్గించు” అని మైకులో చెప్పాలి. అలా చెప్పినవాళ్ల పాట తప్పకుండా బాగుంటుందని నా అనుభవం.

మూడోది, పాటల జాబితా దగ్గర వచ్చే మొండితనం. చాలా బృందాలకి 1990 తర్వాత తెలుగు సినిమా పాట లేనట్టే. కీరవాణిగారివి, మణిశర్మగారివి పాతికేళ్లు దాటిన పాటలు ఎన్ని లేవు! ‘పాడుతా తీయగా’ ఈటీవీలో మొదలైంది 1996లో. అది చూస్తూ పెరిగిన పిల్లలు ఇప్పుడు నలభైల్లో పడుతున్నారు. వాళ్లు మైకు పట్టుకుంటే తీరే వేరు. ఉచ్చారణ మీద శ్రద్ధ, సంగతులు శుభ్రంగా వెయ్యాలన్న పట్టుదల కనిపిస్తాయి. వాళ్ల వయసు పాటలు వాళ్లని పాడనిస్తే, హాల్లో వాళ్ల వయసు శ్రోతలు కూడా పెరుగుతారు. మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, ఒక్కసారే వచ్చాడు. ఆ రోజు అదృష్టం కొద్దీ ఒకమ్మాయి కొత్త పాట పాడింది, వాడు చివరి దాకా కూర్చున్నాడు.

ఇన్ని చెప్పినా ఆదివారం సాయంత్రం వచ్చిందంటే నేను వెళ్తాను. ఇంట్లో స్పీకర్లో అసలు పాటే స్వచ్ఛంగా వినొచ్చు కదా అని మా ఆయన అంటారు. వినొచ్చు, వింటాను కూడా. కానీ ఆ పాటలో ఎక్కడ ఎంత కష్టం ఉందో నాకు తెలిసింది ఈ హాల్లోనే. వీళ్లు తడబడే చోట సుశీలమ్మ ఎంత తేలిగ్గా దాటిందో ఇంటికొచ్చి మళ్లీ వింటే తెలుస్తుంది. ఎన్నోసార్లు విన్న పాట అప్పుడు కొత్తగా వినిపిస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. గ్రీన్ లైన్ మెట్రోలో వస్తే చిక్కడపల్లి స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. చిక్కడపల్లి రోడ్డు మీద సాయంత్రం బండి పెట్టుకోవడానికి చోటు దొరకడం కష్టం. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే ఒక శాలువా, మంచినీళ్ల సీసా ఉంచుకోండి. ముందు వరుసలు అతిథులకి, గాయకుల కుటుంబాలకి పోతాయి, స్పీకర్ల ఎదుట చెవులు దిబ్బడేస్తాయి, కాబట్టి హాలు మధ్యలో కూర్చోండి. ఆహ్వానంలో ఐదున్నర అని ఉంటే ఆరున్నరకి వెళ్లినా జ్యోతిప్రజ్వలన, తొలి ఉపన్యాసాలు తప్పిపోతాయే గానీ పాటలు తప్పవు. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపం’ పద్యాలు కార్యక్రమంలో ఉన్నాయంటే మాత్రం ముందే వెళ్లండి. వాటిని ఎక్కువగా మొదట్లోనే పాడించేస్తారు.